ఏ రెండు మాటలైనా సరే

ఆఫీసులో అందరూ ఆవిడను పిన్ని అంటారు. మొదట ఎవరో కుర్రకుంక చనువుకొద్దీ అన్నాడు, తర్వాత మేనేజరు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు, ఆయన ఆవిడకంటే వయసులో పెద్దవాడైనా సరే. పిన్ని ఉద్యోగం ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. తప్పులు పట్టినందుకు జీతం ఇచ్చే చోటు ఒకటుందని తెలిసిన రోజున, అది తన కోసమే వెలిసిందని ఆవిడకు అర్థమైపోయిందట. "పెళ్ళయిన కొత్తలో ఆ పని ఊరికే చేసిపెట్టేది" అంటాడు ఆవిడ భర్త. పిన్నికి మొగుడు కాబట్టి ఆయన అందరికీ బాబాయి.

ఆ ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం పని కాస్త సన్నగిల్లాక ఒక ఆట ఆడేవాళ్ళు. దాని పేరు కోడ్ గోల్ఫ్. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్ళు గెలిచినట్టు, ఇందులో తక్కువ అక్షరాల్లో ప్రోగ్రాం రాసినవాళ్ళు గెలుస్తారు. చుక్కలతో త్రికోణం గీయమనో, అంకెలు వరసగా పేర్చమనో ఒక చిన్న పని ఇస్తారు. ఒకరు అరపేజీ రాస్తారు, ఇంకొకరు ఒక్క వరసలో తేల్చేస్తారు. ఒక్క అక్షరం తగ్గించడం కోసం అన్నం నీళ్ళు మానేసి కూర్చున్నవాళ్ళను పిన్ని కళ్ళారా చూసింది. ఆవిడ ఆడేది కాదు, తీర్పు చెప్పేది. ప్రోగ్రాం చిన్నదైతే సరిపోదు కదా, అడిగినదాన్ని అడిగినట్టు తెరమీద వేయాలి. అడిగినట్టు అంటే ఎంతవరకు అడిగినట్టు అన్నది తేల్చే పని పిన్నిది.

ఆ పనిలో ఆవిడ చాదస్తం గురించి కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. త్రికోణం పోటీలో ఒకమ్మాయి అందరికంటే చిన్న ప్రోగ్రాం రాసింది. పక్క బల్ల దగ్గర కూర్చునే పిల్లే, అక్షరాలు ఖర్చు పెట్టడానికి ప్రాణం ఒప్పదు కాబట్టి పిసినారి అని పేరు పెట్టింది కూడా పిన్నే. అయితే ఆ ప్రోగ్రాం ప్రతి వరస చివరా ఒక ఖాళీ వదిలింది. కంటికి కనిపించని ఖాళీ. పిన్ని చెల్లదంది.

"కాయితం మీద అచ్చు వేసి చూడండి పిన్నీ, రెండూ ఒకటే!"

"కాయితం మీద నేనెందుకు చూస్తాను?"

ఆ దెబ్బతో స్పేసు పిన్ని అనే బిరుదు కూడా వచ్చి పడింది. అలా అని ఆవిడ మరీ రాతి మనిషి ఏమీ కాదు. వారాల తరబడి పిసినారి చెవినిల్లు కట్టుకుని పోరితే కొద్దికొద్దిగా దిగివచ్చింది. వరస చివర ఖాళీ ఉన్నా ఫరవాలేదంది. అడుగున ఒక వరస ఖాళీగా మిగిలినా ఊరుకుంటానంది. అంకెల మధ్య కామా పెట్టుకున్నా, ఖాళీ పెట్టుకున్నా మీ ఇష్టమంది. వరస మొదట్లో ఖాళీ ఉంటే మాత్రం బొమ్మ పక్కకు జరిగిపోతుంది కనుక ససేమిరా అంది. అవును, కాదు అనే జవాబుల దగ్గరా అంతే మొండికేసింది. అవునంటే ఒకటి, కాదంటే సున్నా. అందులో బేరాల్లేవు.

ఇంత కచ్చితమైన మనిషిని పెంచింది ఒక అక్క. తల్లి పోయేనాటికి పిన్ని ఇంకా జడలు వేసుకోవడం రాని పిల్ల, అక్క అప్పుడే చదువు ముగించి ఒక పటాల షాపులో పనికి కుదిరిన అమ్మాయి. ఫోటోలకు అద్దం కోసి, చెక్క ఫ్రేములో బిగించి, వెనక అట్ట పెట్టి మేకులు కొట్టే పని. కొన్నాళ్ళకు ఆ షాపే అక్కది అయింది. కింద షాపు, పైన ఒక గది, గదికి నిటారుగా చెక్కమెట్లు. పిన్ని చదువంతా ఆ గదిలోనే, కింద అద్దం కోస్తున్న కిరకిరల మధ్య సాగింది. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒకే మాట చెప్పేది, తీరిక లేదని. పిన్ని ఆ మాట నమ్మలేదు. తన వల్లేనని లోలోపల ఆవిడకు గట్టి అనుమానం. అందుకే ఎప్పటికైనా అక్కను తన ఇంటికి తెచ్చుకుని, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకోవాలని పిన్ని కోరిక. ఎప్పుడు పిలిచినా అక్క చేతిలో సుత్తి ఆపకుండానే, చూద్దాంలే అనేది.

ఆ అక్కకు పక్షవాతం వచ్చింది. షాపులో నిలబడి ఎవరిదో ఫోటోకి కొలత తీసుకుంటూ కుడివైపుకి ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాట వినడం మానేసింది, కుడికాలు సగం వింటోంది. మాటలు మాత్రం దాదాపు అన్నీ పోయాయి. ఇన్నేళ్ళ మాటల్లో రెండంటే రెండు మిగిలాయి. ఒకటి 'పద'. చిన్నప్పుడు పొద్దున్నే బడికి బయలుదేరదీస్తూ పిన్నిని నెట్టుకుంటూ అన్న మాట అది. రెండోది 'అబ్బే'. మంచి ఫోటో తెచ్చి దానికి బంగారు పూతల ఫ్రేము కట్టమనే గిరాకీలతో నిమిషానికోసారి అన్న మాట. బాగా అరిగిన మాటలే చివరకు మిగులుతాయని డాక్టర్లు చెప్పారు.

మొదట చేర్చిన ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు అక్కను పరీక్షించాడు. "అమ్మా, ఇది ఆసుపత్రేనా?" అని అడిగాడు. అబ్బే, అంది అక్క. "మనం బస్సులో ఉన్నామా?" పద, అంది. పిన్నిని చూపించి, "ఈవిడ మీ చెల్లెలా?" అన్నాడు. అక్క పిన్ని ముఖంలోకి చూసి, "అబ్బే" అంది. పిన్ని బయటికి వెళ్ళి, నీళ్ళ కుళాయి పక్కన నిలబడి, ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చింది. అడిగింది అర్థం చేసుకునే స్థితి లేదని ఆ కుర్రాడు కాయితాల మీద రాసేశాడు. ఆ రాత అక్కతో పాటు, కసరత్తులు చేయించి మనిషిని కోలుకునేలా చేసే రీహాబ్ సెంటరుకి కూడా వచ్చింది.

రీహాబ్‌లో నాలుగు మంచాల గది. కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే చోటు. పిన్ని ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళేది. అక్క తేరుకుంటోందని ఆవిడ నమ్మకం, ఎందుకంటే ఇప్పుడు అడిగినదానికల్లా వెంటనే జవాబు చెబుతోంది. "కిటికీ వేసెయ్యనా?" అంటే పద అనేది, పిన్ని వేసేసేది. "పాలు తాగుతావా?" అంటే పద, పిన్ని వేడివేడి పాలు గ్లాసులో పోసి నోటికి అందించేది. అక్క ముఖం చిట్లించి, తాగినంత తాగి, గోడవైపు తిరిగిపోయేది. అన్నీ అడిగి చేస్తున్నా అక్క చిరాకు తగ్గడం లేదు. జబ్బు మనిషి కదా అని పిన్ని సర్దుకుంది. "భుజం నొప్పిగా ఉందా అక్కా?" అని రోజూ అడిగేది. రోజూ ఒకే జవాబు వచ్చేది, అబ్బే. ఎంత ఓర్పు గల మనిషో అని పక్క మంచం ఆవిడ కూడా మెచ్చుకుంది.

ఈలోగా ఇంట్లో బాబాయి వెనకగది ఖాళీ చేశాడు. ఆయన పాత రేడియోలన్నీ అటకెక్కాయి. గోడలకు లేత పసుపు రంగు వేశాడు, తన చేతులతోనే, కనుబొమలకు కూడా కాస్త అంటించుకుని. పిన్ని కొత్త పరదాలు కుట్టించింది. మంచం ఎత్తు సరిపోతుందో లేదో తనే కూర్చుని లేచి చూసుకుంది. అక్కను ఎక్కడికి పంపాలో తేల్చడానికి శనివారం పొద్దున డాక్టరమ్మ అందరినీ కూర్చోబెడతానంది. తేల్చడానికి ఏముంది, అనుకుంది పిన్ని. ఇన్నాళ్ళకు అక్క తన ఇంటికి వస్తోంది. ఇలా రావడం బాధే, కానీ వస్తోంది. ఆ సంతోషాన్ని పైకి చెప్పడానికి సిగ్గుపడి, పరదాలను రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఆ శనివారానికి ముందు రోజు శుక్రవారం, మామూలుగానే ఆట ఉంది. ఆ రోజు పని తేలికైనదే: ఒక సంఖ్య ఇస్తారు, దాని అంకెలన్నీ కూడితే సరిసంఖ్య వస్తుందా రాదా చెప్పాలి. పిన్ని దగ్గర జవాబులు సరిచూసే సాధనం ఒకటి ఉంది. సరైన జవాబు ఎదుట పచ్చ గీత, తప్పు జవాబు ఎదుట ఎర్ర గీత పడుతుంది. పిసినారి ప్రోగ్రాంని అందులో పెట్టేసరికి తెర పైనుంచి కిందిదాకా ఎర్రబడిపోయింది.

"అన్నీ తప్పే" అంది పిన్ని.

"అన్నీనా?" పిసినారి కుర్చీలోంచి లేచింది. ఆ ముఖంలో దిగులు లేదు సరికదా, పండగ కనిపిస్తోంది.

"తప్పులొస్తే మురిసిపోతావేమే?"

"ఒక్కటి కూడా పచ్చగా రాలేదు కదా? సరిగ్గా చూసి చెప్పండి."

"రాలేదు తల్లీ, ఒక్కటీ రాలేదు."

"మరి చూడండి పిన్నీ! ఏమీ తెలియనివాడు గుడ్డిగా చెప్పినా సగమన్నా తగులుతాయా, లేదా? అన్నీ తప్పు చెప్పాలంటే అన్నిటికీ జవాబు తెలిసుండాలి. నా ప్రోగ్రాంకి తెలుసు. అవునుకి అది సున్నా అంటుంది, కాదుకి ఒకటి అంటుంది, అంతే. మొత్తాన్ని రెండుతో భాగిస్తే మిగిలేది అదేగా. దాన్ని మీకోసం తిరగేయాలంటే నాకు రెండక్షరాలు దండగ. ఏ రెండు మాటలైతే ఏంటి? రెండూ వేరుగా ఉండాలి, ఎప్పుడూ అవే ఉండాలి, చూసేవాళ్ళకి ముందే చెప్పాలి. ఇంకేం కావాలి మీకు?"

పిన్ని నోరు తెరిచింది. ఈ పిల్లకు బుద్ధి వచ్చేలా చెప్పడానికి మంచి మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఎర్ర గీతలను చూస్తూ ఉండగానే ఆసుపత్రి గది కళ్ళముందుకు వచ్చింది. ఇది ఆసుపత్రేనా, అబ్బే. బస్సులో ఉన్నామా, పద. ఈవిడ మీ చెల్లెలా, అబ్బే. ఒక్కటి కూడా ఒప్పు కాలేదు. అప్పుడు కూడా ఒక్కటంటే ఒక్కటి ఒప్పు కాలేదు.

ఆ వెంటనే భుజం గుర్తొచ్చింది.

"నీది చెల్లుతుంది. ఇకమీద అందరికీ అదే రూలు" అంటూ బ్యాగు భుజాన వేసుకుంది.

ఇంత తేలిగ్గా గెలుస్తాననుకోని పిసినారి తెరవైపు ఒకసారి, తలుపువైపు ఒకసారి చూసింది.

రీహాబ్‌కి చేరేసరికి అక్క దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పిన్ని కుర్చీ దగ్గరగా లాక్కుని, ఊపిరి కూడా తీసుకోకుండా మొదలుపెట్టింది.

"అక్కా, నేను నీ చెల్లెల్నా?"

"అబ్బే."

"నీ తమ్ముణ్ణా?"

"పద." అక్క కళ్ళు కాస్త పెద్దవయ్యాయి.

"ఈ కిటికీలోంచి కార్లు కనిపిస్తాయా?"

"అబ్బే."

"ఏనుగులు కనిపిస్తాయా?"

"పద."

"నా వంట బాగుంటుందా?"

"పద" అంది అక్క, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. పక్క మంచం ఆవిడ, పాపం, ఎంత ప్రేమో అన్నట్టు తల ఊపింది. పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్ని వారాలుగా అక్క తన జవాబులన్నీ సరిగ్గానే చెప్పింది. పాలు వద్దు మొర్రో అని చెప్పింది. కిటికీ వెయ్యొద్దని చెప్పింది. ఆసుపత్రిలో అందరి ముందూ, ఇది నా చెల్లెలే అని చెప్పింది.

అడగక తప్పని ప్రశ్న ఒకటి ఉంది.

"భుజం నొప్పిగా ఉందా అక్కా?"

"అబ్బే." రోజూ చెప్పినట్టే, రోజూ చెప్పినంత ఓపికగానే చెప్పింది.

పిన్ని మంచం అంచున తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పి నొప్పి అని రోజూ చెబుతుంటే తను రోజూ దుప్పటి సర్ది, నవ్వుతూ ఇంటికి వెళ్ళిపోయింది. మెరుగుపడుతున్న మనిషి అని పొంగిపోయింది కూడా. తప్పులు పట్టడం వృత్తిగా బతికే తనకు ఇంత పెద్దది కంటపడలేదు. అక్క ఎడమచెయ్యి నెమ్మదిగా వచ్చి ఆవిడ జుట్టు నిమిరింది. ఆ చెయ్యి ఇంకా ఆ పనికి కొత్త, రెండుసార్లు చెవి మీద తగిలింది.

నర్సు వచ్చి భుజం చూసి, కీలు కొద్దిగా జారిందని, చెయ్యి వేలాడకుండా కింద దిండు పెట్టాలని చెప్పి మందు వేసింది. పిన్ని కిటికీ బార్లా తెరిచింది. పాలగ్లాసు తీసుకెళ్ళి పారబోసి, అడిగి మరీ టీ తెచ్చింది. మెత్తదిండు కావాలా, గట్టిదా, పక్కన దీపం ఉంచాలా, ఆర్పాలా, జడ వెయ్యనా, ముడి పెట్టనా, ఒక్కొక్కటే విడదీసి అడిగింది. "రేపు వీళ్ళందరికీ చెబుదామా?" అంటే అక్క గట్టిగా అబ్బే అంది. ఇంతసేపూ పిన్ని ఒక్కటి మాత్రం అడగలేదు. మా ఇంటికి రావడం నీకు ఇష్టమేనా అని అడగలేదు. మరచిపోయి కాదు. అడగాలంటే భయమేసింది. ఇంటికి వెళ్ళాక బాబాయికి కూడా ఏమీ చెప్పలేదు.

శనివారం పొద్దున చిన్న గదిలో గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు. డాక్టరమ్మ, అక్కకు నోటి కసరత్తులు చేయించే మాటల మాస్టారు, చక్రాల కుర్చీలో అక్క, పిన్ని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న బాబాయి. రాత్రి తెలుసుకున్నదాన్ని ఎలా మొదలుపెట్టాలా అని పిన్ని మాటలు కూడగట్టుకుంటూ ఉంది. డాక్టరమ్మ ఆవిడకంటే ముందే అందుకుంది.

"అడిగింది అర్థం కావడం లేదని పాత ఆసుపత్రి వాళ్ళు రాశారు. అయినా ఆవిడ సంగతి ఆవిణ్ణి అడక్కుండా తేల్చడం నాకు ఇష్టం లేదు." ఆవిడ ముందుకు వంగి అక్క కళ్ళలోకి చూసింది. "అమ్మా, మీ చెల్లెలు గారింట్లో ఉండడానికి వెళ్తారా?"

అక్క డాక్టరమ్మ వైపు చూడలేదు. పిన్ని వైపు చూసింది.

"పద" అంది.

బాబాయి ముఖం చేటంత అయింది. "చూశారా! బయల్దేరమంటోంది మా వదిన!" మాటల మాస్టారు నవ్వాడు. డాక్టరమ్మ కూడా ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలింది. గది మొత్తంలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు ఇద్దరే.

పిన్ని ఏమీ అనలేదు. అనకుండా ఉంటే సరిపోతుంది, అంతే. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు, అక్క నోటితో అక్కే పద అంది. వెనకగదిలో పసుపు గోడలు, మంచం, పరదాలు ఎదురుచూస్తున్నాయి. షాపు పైన గదికి నిటారు మెట్లు ఉన్నాయి, అక్క ఒక్కతీ పడిపోతే ఎవరు చూస్తారు? నెల తిరిగేసరికి అలవాటు పడిపోతుంది. అక్క మంచికే కదా. ఒక్క రాత్రి పరీక్షతో అంత కచ్చితంగా ఎలా చెప్పగలం, అని కూడా అనుకుంది పిన్ని, ఒక్క చుక్క తేడా వస్తే ఒప్పుకోని ఆ పిన్నే. అక్క ఇంకా తననే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. చెల్లెలు చెబుతుందని నిమ్మళంగా ఎదురుచూస్తోంది. అనుమానంతో చూసినా పిన్ని తట్టుకునేదేమో, ఆ నమ్మకాన్ని తట్టుకోలేకపోయింది.

"కాదు డాక్టర్ గారూ" అంది. "రానంటోంది."

"అదేమిటే!" అన్నాడు బాబాయి.

పిన్ని చెప్పింది. పద అంటే కాదు, అబ్బే అంటే అవును, మొదటి రోజు నుంచీ ఒక్కసారి కూడా తప్పలేదు, తప్పంతా విన్నవాళ్ళదే అని చెప్పింది. మాటల మాస్టారు పాత ఆసుపత్రి కాయితాలు ముందుకు లాక్కున్నాడు. డాక్టరమ్మ ఒకటి రెండు ప్రశ్నలు వేయబోతే పిన్నే ఆపింది.

"నేను బయటికి వెళ్తాను. నేనిక్కడ ఉంటే సైగలేమైనా చేస్తున్నానని మీకు అనుమానం రావచ్చు. మీకు తోచినవన్నీ అడగండి. జవాబు మీకు ముందే తెలిసినవి అడగండి, తికమక పెట్టేవి కూడా అడగండి."

వరండాలో బెంచీ మీద కూర్చుని, తన లెక్క తప్పు కావాలని పిన్ని కోరుకుంది. ఉద్యోగంలో చేరాక అలా కోరుకోవడం అదే మొదటిసారి. బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. గది గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. జేబురుమాలు మాత్రం చేతిలో పెట్టాడు.

తలుపు తీసిన డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంది. "అన్నీ సరిపోయాయి. ఆవిడకు అన్నీ అర్థమవుతున్నాయి." కళ్ళజోడు పెట్టుకుని పిన్ని వైపు చూసింది. "ఎక్కడ ఉంటారని కూడా అడిగాం. షాపుకి వెళ్తారట."

అందరూ మెట్ల గురించి, మంచం గురించి మాట్లాడుకోవడానికి పక్కకు వెళ్ళాక, పిన్ని అక్క ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. ఎందుకు రానంటున్నావని అడగాలని ఉంది. ఎందుకు అనే ప్రశ్నకు ఆ రెండు మాటల్లో జవాబు ఇమడదు. అందుకని తుంచి తుంచి అడిగింది.

"నామీద కోపమా?"

"పద."

"నాకు భారమవుతాననా?"

"పద."

"ఆయనుంటే మొహమాటమా?"

"పద." అక్కకు నవ్వొచ్చింది.

పిన్ని దగ్గర ఇక కారణాలు మిగల్లేదు. చివరికి, తనకు ఏమాత్రం నచ్చని కారణం ఒకటే మిగిలింది. "నీ ఇల్లు నీకు కావాలి. అంతేనా?"

"అబ్బే" అంది అక్క. ఎంత తృప్తిగా అందంటే, పిన్ని ఆమె ఎడమచేతిని తీసి తన చెంపకు ఆనించుకుంది. తనవల్లే అక్క ఆ పటాల మధ్య చిక్కుబడిపోయిందని ఇన్నేళ్ళూ కుమిలింది. అక్క అక్కడ ఉండిపోయింది ఇష్టమై అని ఒక్కనాడూ తోచలేదు.

అక్క షాపుకి వెళ్ళిపోయింది. షాపు వెనకభాగంలో అద్దాలు నిలబెట్టే చోటు ఖాళీ చేసి మంచం వేశారు. గోడకు ఎడమవైపు పట్టుకోవడానికి కడ్డీ బిగించారు. పగలంతా కనిపెట్టుకుని ఉండడానికి ఒకావిడ కుదిరింది. రాత్రిళ్ళు అవసరమైతే పక్కింటివాళ్ళను లేపడానికి మంచం పక్కన గంట కట్టారు. చెక్క కోసి, మేకులు కొట్టే పని పక్క వీధి వడ్రంగి చూసుకుంటానన్నాడు. ఏ ఫోటోకి ఏ ఫ్రేము అన్నది మాత్రం అక్కే తేల్చాలి. గోడమీద వేలాడే ముక్కలను ఎడమచేత్తో తట్టి చూపిస్తుంది.

చిక్కు గిరాకీలతోనే వచ్చింది. ఒక పెద్దాయన మనవరాలి ఫోటో తెచ్చి, "ఈ నల్లది బాగుంటుందామ్మా?" అన్నాడు. "అబ్బే" అంది అక్క. ఆయన చిన్నబుచ్చుకుని నల్లది పక్కన పెట్టి, తళతళలాడే బంగారు రంగుది తీశాడు. "పోనీ ఇది?" "పద!" అంది అక్క. పొమ్మంటోందేమోనని ఆయన ఫోటో చంకన పెట్టుకుని గుమ్మం దిగబోయాడు. అక్క బల్లమీద ధన్ ధన్ మని కొట్టి, సగం వీధిని పోగుచేసి, ఆయన్ని వెనక్కి రప్పించి, నల్లదే కట్టించింది. ఆ సాయంత్రమే పిన్ని ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసింది: ఇక్కడ అబ్బే అంటే అవును, పద అంటే కాదు. దానికి ఫ్రేము అక్క ఎంచింది. ఇప్పుడది గుమ్మం ఎదుట వేలాడుతోంది. వచ్చినవాళ్ళు ఒకసారి చదివి, ఒకసారి నవ్వి, ఆ తర్వాత మామూలుగా బేరం మొదలుపెడతారు. కొత్త మాటలు రావచ్చని మాటల మాస్టారు అంటున్నాడు. 'టీ' అప్పుడే వచ్చేసింది.

పిన్ని రోజూ ఆఫీసు అయ్యాక వస్తుంది. కాసేపు కూర్చుని, అక్కకు జడ వేసి, పక్క సర్ది బయలుదేరుతుంది. ఇంటికి తీసుకువెళ్ళలేకపోయాననే ముల్లు ఆవిడ మనసులో ఇంకా ఉంది, లేదని చెబితే అబద్ధమే. వెనకగది తలుపు ఆవిడ మూసే ఉంచుతోంది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "ఇక వెళ్ళిరానా అక్కా?" అంటుంది. అక్క అబ్బే అంటుంది. పిన్ని వెళుతుంది.

ఒకరోజు వర్షం పట్టింది. గిరాకీ లేక వడ్రంగి తొందరగా వెళ్ళిపోయాడు, పగలు చూసుకునే ఆవిడ కూడా గొడుగు తీసుకుని బయలుదేరింది. పిన్ని అక్క జడ ముగించి, రబ్బరు బ్యాండు వేసి, చెప్పులు తొడుక్కుంది. గొడుగు విప్పుతూ అలవాటుగా అడిగింది.

"ఇక వెళ్ళిరానా అక్కా?"

"పద" అంది అక్క.

పిన్ని ఒక అడుగు బయట పెట్టేసింది కూడా. అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, అక్క మంచంమీద గోడవైపుకి జరిగి పక్కన చోటు చేస్తోంది. కుడికాలు సహకరించక, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, కొంచెం కొంచెంగా జరుగుతోంది.

పిన్ని గొడుగు మూసింది. చెప్పులు విడిచింది. లోపలికి వచ్చి, అక్క పక్కన కూర్చుని, బాబాయికి ఫోన్ చేసి ఈ రాత్రికి రావడం లేదని చెప్పింది.

"ఏం, ఒంట్లో బాగాలేదా వదినకి?" అని ఆయన కంగారుపడ్డాడు.

"బాగానే ఉంది" అంది పిన్ని. "ఉండమంది."